రాసినవాడే చదవాలి

ఉదయగిరి బస్టాండు దగ్గర ఒక దర్జీ కొట్టు ఉండేది. డెబ్భైల చివర్లో, సాయంత్రమైతే మేం ఐదుగురం అక్కడ చేరేవాళ్లం. దర్జీని అందరం భాయ్ అనే పిలిచేవాళ్లం. ఒకరి మాట ఒకరం సాగనివ్వడం లేదని ఆయనే ఒక బౌండు పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒకరు ప్రశ్న రాయాలి, తక్కినవాళ్లు కింద జవాబులు రాయాలి. షరతు ఒకటే. రాసినవాడు లేచి, రాసింది అందరి ముందూ పైకి చదవాలి.

"నోటితో అనలేని మాట కాగితం మీద ఎందుకురా?" అనేవాడు భాయ్.

ఆ షరతంటే నాకు చిరాకు. నేను బడిపంతులుని, నా వెటకారం మీద నాకు మహా మురిపెం. రాసేటప్పుడు మెరిసిన మాట చదివేటప్పుడు గొంతుకు అడ్డం పడేది. కొట్టేసేవాణ్ని.

ఆత్మకూరు బస్సు డ్రైవరు ఒకాయన పుస్తకం చూసి ముచ్చటపడ్డాడు. "మా ఊళ్లో గూడా రాసేవాళ్లుండారు, రెండ్రోజులు ఇయ్యి భాయ్" అని తీసుకెళ్లి, అక్కడ టీకొట్లో పెట్టాడు. వారం తిరక్కుండా నిండి వచ్చింది. రెండోది కొన్నాం, మూడోది కొన్నాం. చేజర్ల వాళ్లు, వరికుంటపాడు వాళ్లు, ముక్కూ మొహం తెలియనివాళ్లు రాశారు. మా సంబరం అంతా ఇంతా కాదు. బస్సులో తిరిగే పుస్తకానికి ఎవరు లేచి చదువుతారు? షరతు ఎప్పుడు పోయిందో గమనించలేదు. ఆ వెనకే సంతకాలూ పోయాయి.

ఒకసారి సోమశిల వైపు నుంచి ఎవరో రాశారు. "డ్యాము నీళ్లలో మా ఊరు మునిగిపోతుంది. ఎక్కడికి పోతే బతకగలమో తెలిసినవాళ్లు చెప్పండి." మా ఊరికి మాత్రం రావద్దని ఒకరు, ఏడుపు చాలించమని ఇంకొకరు. పేజీ నిండింది కానీ జవాబు ఒక్కటీ లేదు. "ఈత నేర్చుకో" అన్నది నాది. నా రాతని తెలియకుండా అక్షరాలు వాల్చి, సంతకం లేకుండా, నవ్వుకుంటూ రాశాను.

నెల తర్వాత ఒక ఆదివారం, ఒక పెద్దాయన గుడ్డసంచితో కొట్టుకు వచ్చాడు. ఆ ప్రశ్న ఆయనదే.

"ఇక్కడ రాసినోళ్లే చదవాలంట గదా. నాది నేను చదువుతా" అని పుస్తకం అడిగి తీసుకుని, వేలు పెట్టి ఒక్కో అక్షరమే చదివాడు. తర్వాత పుస్తకం మా వైపు తిప్పాడు. "వీటిల్లో మీరు రాసిందేమన్నా ఉంటే చదవండి, విని పోతా. నవ్వులాటకి అన్నారో, నిజంగానే అన్నారో, గొంతు వింటే తెలస్తాది."

ఆ ప్రశ్న వెనక ఒక మనిషి ఉంటాడని, ఆ మనిషి బస్సులు మారి వస్తాడని నాకు తట్టనే లేదు. భాయ్ పుస్తకం అందుకున్నాడు. ఎంత వాల్చినా నా అక్షరం ఆయనకు తెలుసు. నా వైపు చూడలేదు. లేచి నిలబడ్డాడు.

"ఈత నేర్చుకో" అని చదివాడు. "నేనే రాసినానన్నా. తప్పయిపోయింది."

పెద్దాయన భాయ్‌ని చాలాసేపు చూశాడు.

"నీ మొహం చూస్తే అట్టాంటోడివని అనిపించలా" అని వెళ్లిపోయాడు.

ఆయన రోడ్డు దాటి బస్సెక్కేదాకా నాకు వ్యవధి ఉంది. నేను లేవలేదు.

"ఎందుకు భాయ్?" అన్నాను చివరికి.

"ఎవురో ఒకరు చదవాల గదా" అని ఆయన మిషను ముందు కూర్చున్నాడు.

ఇన్నేళ్లకు ఇదంతా రాయగలిగాను. పైకి చదవమంటే మాత్రం ఇప్పటికీ గొంతు పెగలదు.