వట్టి చేతులు

జామచెట్టు పిన్ని ఎవరి దగ్గరికీ వట్టి చేతులతో వెళ్ళదు. జబ్బుపడ్డవాళ్ళ ఇంటికైనా, దెబ్బలాడి మాట మానేసినవాళ్ళ ఇంటికైనా, నాలుగు పళ్ళు బుట్టలో వేసుకునే గడప తొక్కుతుంది. ఏళ్ళ తరబడి నలుగుతున్న ఇంటి కాగితాలు తన పేరు మీదికి మార్చిపెట్టిన ఆఫీసరు దగ్గరికీ అలాగే వెళ్ళింది. "ఒక్కటి ముట్టుకున్నా నాకు తప్పేనమ్మా" అని ఆయన దణ్ణం పెట్టి పంపేశాడు. అందరి ముందూ పళ్ళు వెనక్కి మోసుకెళ్ళడానికి సిగ్గేసి, ఆఫీసు వెనక గుమ్మం గుండా వచ్చేసింది. బుట్ట లోపలికి వెళ్ళడం వీధంతా చూసింది, తిరిగి రావడం ఎవరూ చూడలేదు. పళ్ళ కింద నోట్లున్నాయని పుకారు లేచింది. ఆయన మీద విచారణ పడింది.

"పళ్ళ కింద ఉన్నవి ఆకులే తల్లీ!" అని కొళాయి దగ్గర గొంతు పోయేలా చెప్పింది. "నీ పని చేసిపెట్టాడుగా పిన్నీ, వెనకేసుకురాక ఏం చేస్తావులే" అని పక్కింటి కోడలు నవ్వింది. ఎంత చెబితే అంత నవ్వు. "దేవుడా, నా మాటకి ఇంత విలువ లేకుండా చేశావేం?" అని వాపోయింది. విచారణ రోజున సాక్ష్యం చెప్పడానికి పెందలాడే బయల్దేరింది. గుమ్మం దాటాక చూసుకుంటే చంకలో బుట్ట, దాన్నిండా పళ్ళు, విచారణకొచ్చిన పెద్దాఫీసరు కోసం! గబగబా వెనక్కి వచ్చి పళ్ళన్నీ గుమ్మంలోనే కుమ్మరించి, బుట్ట కూడా అక్కడే వదిలేసింది. వట్టి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, కొంగుకి చుట్టుకుంటూ నడిచింది.