ఫోను ఒప్పుకుందా?

ఫోను లెక్కపెట్టని అడుగు అసలు అడుగే కాదని ఆబాసాహెబ్ ఇంగవలేకు గట్టి నమ్మకం. కొల్హాపూర్‌లోని ఆ గల్లీలో ఎవరైనా "రంకాళా చెరువు చుట్టూ తిరిగొచ్చాను ఆబా" అని గొప్పగా చెప్పుకుంటే, ఆయన కళ్లజోడు ముక్కు చివరికి దించి ఒక్కటే అడిగేవాడు.

"ఫోను ఒప్పుకుందా?"

ఒప్పుకోకపోతే ఆ మనిషి గడప దాటనట్టే. చెప్పులరిగినా, చొక్కా తడిసినా, దారిలో కుక్క తరిమినా లాభం లేదు. ఓసారి పక్కింటి పోపట్‌రావ్ జ్యోతిబా దేవుడి కొండ కాలినడకన ఎక్కి, ఒళ్లంతా గులాల్ పూసుకుని దిగొచ్చాడు. ఫోను మాత్రం ఇంట్లో మర్చిపోయాడు.

"దేవుడు ఒప్పుకునే ఉంటాడు లేరా. ఫోను ఒప్పుకుందా?" అన్నాడు ఆబా. పోపట్‌రావ్ మర్నాడు మళ్లీ ఎక్కాడు.

తప్పు ఆయనది కాదు, ఉద్యోగానిది. ఆబా జీవితమంతా మహారాష్ట్ర ప్రభుత్వ ఎస్టీ బస్సులో కండక్టరు. టికెట్టు లేని తల ఒక్కటి బస్సులో ఉందంటే ఆయనకు అన్నం సహించేది కాదు. రిటైరైన రోజున డిపోవాళ్లు శాలువా కప్పి స్మార్ట్‌ఫోను చేతిలో పెట్టారు. అందులో నడక లెక్కపెట్టే యాప్ ఒకటి ఉందని తెలిసిన మర్నాటి నుంచే ఆబా మళ్లీ డ్యూటీ ఎక్కాడు. ఈసారి తలలు కాదు, అడుగులు. ఫోను ఛార్జింగులో ఉన్నంతసేపూ కుర్చీలోంచి లేచేవాడు కాదు. పాలు పొంగుతున్నాయి, స్టవ్ ఆపమని భార్య అక్కాతాయి కేకేస్తే, "ఇప్పుడు లేస్తే అడుగులు దండగ" అన్నాడు. దండగైంది పాలు.

ఆయన గల్లీనంతా ఆ యాప్‌లో ఒక గుంపుగా చేర్చాడు. ఆదివారం సాయంత్రం అందరూ పాల కట్ట దగ్గర చేరాలి. గేదెలను తోలుకొచ్చి, అక్కడికక్కడే పితికి, నురగతో గ్లాసు చేతికిచ్చే చోటు అది. వారం లెక్కను ఆబా బస్సు స్టాపుల్లా గొంతెత్తి చదివేవాడు. మొదటివాడికి కుస్తీలో గెలిచిన పహిల్వానుకు కట్టినట్టు తలకు ఫేటా తలపాగా. చివరివాడు పాలమ్మే బాళు గవళీ గేదె గంగూ తాడు పట్టుకుని, అందరూ పాలు తాగేదాకా నిలబడాలి. గంగూ తోక విసురు కొల్హాపూర్‌లో పేరున్నది.

టైలర్ దినకర్ పిసాళ్‌కు ఆ ఏడాది గుండె ఆపరేషన్ అయింది. రోజూ నడవకపోతే మళ్లీ తన దగ్గరికే రావాల్సి వస్తుందని డాక్టరు చెప్పి పంపాడు. దినకర్ ఇంటికొచ్చి మిషను ముందు కూర్చున్నాడు, లేవలేదు.

"గల్లీ చివరిదాకా పోయి రావయ్యా" అని భార్య సులభ బతిమాలేది.

"దారిలో పడిపోతే?"

"పట్టుకోడానికి నేనొస్తాగా."

"అప్పుడు ఇద్దరం పడతాం."

సులభ కోప్పడి చూసింది, ఏడ్చి చూసింది, పాండురంగడికి మొక్కింది. ఆపరేషన్‌లో గెలిచి, కుర్చీ చేతిలో ఓడిపోయేలా ఉన్నాడు మొగుడు. సరిగ్గా అప్పుడే ఆబా వచ్చి, అడక్కుండా దినకర్ ఫోను తీసుకుని, ఆ గుంపులో పేరెక్కించి పోయాడు.

"కొల్హాపూర్ పెళ్లికొడుకులందరికీ కోట్లు కుట్టినవాణ్ణి! నేను గేదె తాడు పట్టుకోవడమా?" అని దినకర్ మండిపడ్డాడు. ఆ మంటలోనే చెప్పులేసుకున్నాడు. మొదటిరోజు గల్లీ చివరిదాకా వెళ్లి, గోడ పట్టుకుని వెనక్కి వచ్చాడు. రెండోరోజు నుంచి ఆబా కూడా పక్కనే నడుస్తూ, "పదరా తమ్ముడూ, రైట్ రైట్!" అని అరవసాగాడు.

ఆదివారం దగ్గరపడేకొద్దీ సులభకు బెంగ పట్టుకుంది. గోడ పట్టుకుని నడిచే మనిషి చివర రాక ఏమవుతాడు? ఒక్కసారి ఆ తాడు చేతికొస్తే ఆయన ఇక జన్మలో చెప్పులేసుకోడు.

చివర వచ్చింది ఆబా!

కట్ట కట్టంతా విరగబడి నవ్వింది. "ఫోను వేడెక్కిందిరా" అని గొణిగి ఆబా తాడు పట్టుకున్నాడు. గంగూ తోకతో ఆయన టోపీ ఎగరగొట్టింది. తర్వాతి ఆదివారమూ చివర ఆయనే. "జేబు చిరిగింది" అన్నాడు. ఆ తర్వాతా ఆయనే. "అడుగులు తిన్నగా వేస్తే దీనికి తెలియడం లేదు" అన్నాడు. ఊరందరి చేతా నడిపించే మనిషి తాను మాత్రం ఇంట్లో పడుకుంటాడని పోపట్‌రావ్ చాటింపేశాడు. ఆబా తల వంచుకుని గంగూ చెవి గోకుతూ నిలబడేవాడు.

ఒకరోజు పొద్దున్నే కరివేపాకు కోసం సులభ ఆబా ఇంటికి వెళ్లింది. గోడకున్న మేకుకి తగిలించిన సంచిలో ఫోను మోగుతోంది.

"ఆబా ఫోనే కదూ?"

"ఆయనదే" అంది అక్కాతాయి.

"ఆయన మా ఆయనతో నడకకు వెళ్లాడుగా! ఫోను లేకుండానా?"

అక్కాతాయి ఆకులు దూయడం ఆపింది. "ఎవరికీ చెప్పకు. మీ ఆయన లెక్క ఎంతో మా ఆయన చూసుకుంటాడు. అంతకంటే కాస్త తక్కువ పడేలా ఫోను పట్టుకుని ఇంట్లో తిరుగుతాడు. మొన్న జలుబు చేసి మీ ఆయన మంచం దిగలేదు చూడు, ఆ రోజు దీన్ని బియ్యం డబ్బాలో పాతిపెట్టాడు. కదిలితే అడుగు పడుతుందట!"

"మరి నడిచిందంతా?"

"లెక్కలోకి రానట్టే! కాళ్లు కడుక్కుంటూ 'ఇవాళ ఎంత నడిచానో తెలీదే' అని నిట్టూరుస్తాడు, ఇంట్లో ఎవరో పోయినట్టు."

సులభ కరివేపాకు మర్చిపోయి ఇంటికొచ్చింది. చెబితే మొగుడికి రోషమొస్తుందేమోనని జంకుతూనే చెప్పేసింది. దినకర్ నోట్లో గుండుసూదులు పెట్టుకుని అంతా విన్నాడు. సూదులు ఒక్కొక్కటే తీసి డబ్బీలో వేశాడు.

"గంగూ మెడ చుట్టుకొలత ఎంతుంటుందో బాళుని అడిగిరా" అన్నాడు.

పెళ్లి కోటు మిగులు గుడ్డతో, లోపల అస్తరు వేసి, గుండీ పెట్టి సంచి కుట్టాడు. ఫోను అంట్లనీళ్లలో పడిందని, బాగుచేయడానికి ఇచ్చానని అక్కాతాయి మొగుడికి చెప్పింది. ఆ వారమంతా లెక్క పడదన్న ధీమాతో ఆబా కంటినిండా నిద్రపోయాడు. ఫోను మాత్రం గంగూ మెడలో ఊరి బయటి పాక నుంచి కట్టకీ, కట్ట నుంచి పాకకీ తిరిగింది. గంగూ ఈగల్ని తోలుకున్నా అడుగే, నెమరు వేసినా అడుగే. సాయంత్రమయ్యేసరికి 'భేష్, ఇలాగే సాగండి' అని యాప్ గేదెను మెచ్చుకునేది. బాళు ఫోనుకు రాత్రిపూట ఛార్జింగు పెట్టేవాడు.

ఆదివారం అక్కాతాయి ఫోను తెచ్చి కట్ట దగ్గర మొగుడి చేతికిచ్చింది. ఆబా గొంతు సవరించుకుని పైనుంచి చదవబోయాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు.

"తప్పు పడింది. మొదట నా పేరుంది. నేను నడవలేదురా! పండరిపురం నడిచి పోయొచ్చినా ఇన్ని పడవు!"

"అదంతా మాకెందుకు ఆబా?" అంది సులభ. "ఫోను ఒప్పుకుందా?"

కండక్టరుగా ఆబా ఏనాడూ తప్పుడు లెక్క చెప్పినవాడు కాదు.

"ఒప్పుకుంది" అన్నాడు నీరసంగా.

పోపట్‌రావ్ ఫేటా చుట్టేశాడు. ఆబా కంగారుగా జాబితా చివరికి చూశాడు. అక్కడ దినకర్ పేరుంది. తల ఎత్తేసరికి దినకర్ అప్పటికే గంగూ తాడు చేతికి చుట్టుకుని, కాళ్లు ఎడంగా పెట్టి పహిల్వానులా నిలబడి ఉన్నాడు.

"పితుకు బాళూ, కంగారేం లేదు. ఎంతసేపైనా నిలబడతాను" అన్నాడు.

అప్పుడు ఆబా కళ్లు గంగూ మెడలో వేలాడుతున్న ఖాళీ సంచి మీద పడ్డాయి. ఆ సంచి, ఆ అస్తరు, ఆ గుండీ కుట్టిన చెయ్యి కొల్హాపూర్‌లో ఒక్కటే. ఆయన దినకర్ వైపు చూశాడు. దినకర్ గేదె వైపు చూశాడు.

ఆబా మెల్లగా ఫేటా తీసి గంగూ కొమ్ములకు చుట్టాడు. "ఎవరి టికెట్టు వాళ్లకే" అన్నాడు.

గంగూ తల విదిలించింది. దినకర్ తాడు బిగించి పట్టుకుని నవ్వాడు. "రేపటి నుంచి ఫోను జేబులో పెట్టుకుని రా ఆబా. నిన్ను దాటాలంటే నీ లెక్క నాకు తెలియాలిగా?"

"దాటు చూద్దాం!" అంటూ ఆబా కళ్లజోడు ముక్కు చివరికి దించాడు. "ముందు ఫోను ఒప్పుకోవాలి!"