సంచి మీది ముత్తైదువ

సంగవ్వ అరచేతులు ఎంత తోమినా పచ్చగానే ఉంటాయి. సబ్బు పెట్టి, కొబ్బరిపీచు పెట్టి, ఆఖరికి కిరసనాయిలు పోసి రుద్దినా ఆ రంగు వదలదు. నాందేడ్‌లో మోండా బజారు వెనకాల రేకుల షెడ్డులో నడిచే పసుపు పట్టే గిర్నీకి ఆమే పెద్ద. ఊళ్లో సగం వంటిళ్లకు ఆమె పట్టిన పసుపే వెళుతుంది. కానీ ఎవరింట్లోనైనా హళదీ-కుంకూ పేరంటం జరిగితే మాత్రం ఆమెకు పిలుపు రాదు. మొగుడు పోయినదానికి పసుపు కుంకుమలతో ఏం పని అంటారు. ఆహా, ఎంత తెలివైన లోకమో చూశారా! ఆ చేతులు పసుపు పట్టడానికి పనికొస్తాయి గానీ, ముఖానికి పూసుకోవడానికి పనికిరావు.

ఆమెది మహారాష్ట్రలోనే, నాందేడ్ జిల్లా హిమాయత్‌నగర్ అవతల, తెలంగాణ హద్దును ఆనుకున్న పల్లె. గుంట భూమి లేని ఇల్లు. పెనిమిటి రామదాస్ మోండాలో హమాలీ. బస్తా మోస్తూ మోస్తూనే ఒకనాడు విలాస్ సేట్ దుకాణం ముందు కూలబడ్డాడు, మళ్లీ లేవలేదు. ఏడుస్తూ కూర్చుంటే పొయ్యి వెలగదు కదా. పసుపు కొమ్ములు ఉడకబెట్టే బట్టీల దగ్గర కూలికి వెళ్లింది. ఆ ఆవిరికి ముఖం కమిలిపోయేది. అక్కడే తనలాంటివాళ్లను పోగేసింది. మొగుడు చచ్చినవాళ్లు, మొగుడు వదిలేసినవాళ్లు, మొగుడు ఉన్నా లేనట్టే బతుకుతున్నవాళ్లు. అందరూ కలిసి బచత్ గట్ అని ఒక పొదుపు సంఘం పెట్టుకుని, బ్యాంకు చుట్టూ కాళ్లరిగేలా తిరిగి గిర్నీ తెచ్చుకున్నారు.

పట్టిన పసుపును టోకున కొనేవాడు మాత్రం ఒక్కడే, ఆ విలాస్ సేటే. ఇక్కడి పసుపు దుబాయికి వెళుతుంది, జర్మనీకి వెళుతుంది, అంతా ఆయన సంచుల్లో, ఆయన కంపెనీ పేరుతో. ఆడవాళ్ల గట్ పేరు ఆ సంచి మీద ఎక్కడా కనబడదు. "సేట్, ఓ మూలకన్న మా పేరు వెయ్యరాదు?" అని సంగవ్వ అడిగినప్పుడల్లా ఆయన మరాఠీలో పిన్నీ అని వరస కలిపి "చూద్దాం మావ్శీ" అనేవాడు. ఏళ్లు గడిచినా చూసింది లేదు. ఆమె పట్టుదలకు కారణం ఉంది. పేరు కనబడితే కొనేవాడు నేరుగా తమ దగ్గరికే వస్తాడు. ఈ ఒక్క మనిషి దయ మీద బతకడం తప్పుతుంది.

కిందటి చలికాలంలో విమానాశ్రయం దారిలోని కొత్త హోటల్లో అంతర్జాతీయ పసుపు వ్యాపార సదస్సు అన్నారు. ఏర్పాట్లు చూసే యామిని గిర్నీకి వచ్చింది. తండ్రి రైల్వే ఉద్యోగం వల్ల రాజమండ్రి నుంచి వచ్చి నాందేడ్‌లోనే పెరిగిన పిల్ల.

"అమ్మా, స్టేజి మీద మాట్లాడేవాళ్లందరూ మగవాళ్లే. ఒక్క ఆడమనిషైనా లేకపోతే మేం రామని జర్మనీవాళ్లు పట్టుబట్టారు. విలాస్ గారు మీ పేరు చెప్పారు."

"నేనేం మాట్లాడుత బిడ్డా? నాకు ఇంగ్లీషు రాదాయె."

"మీరు తెలుగులోనే చెప్పండి. పక్కన నిలబడి ఇంగ్లీషులో నేను చెప్తాను."

యామిని అటు వెళ్లిందో లేదో, సంగవ్వ మనసులో ఒకే ఒక్క మాట తిరగడం మొదలైంది. సేట్ వినకపోతే పోయాడు, కొనేవాళ్ల ముందే అడిగేస్తాను. సంచి మీద మా పేరు ఉండాలని అడిగేస్తాను.

గిర్నీలో రోజూ అదే తాలీము. సంచులు కుట్టే నర్సవ్వ నెత్తిన చాట బోర్లించుకుని జర్మనీ దొరసానిలా కూర్చునేది. సంగవ్వ ఎదురుగా నిలబడి గొంతు సవరించుకునేది.

"ఓ దొరసానీ, మా పేరు సంచి మీద ఎయ్యమని మా సేట్‌కు జెర చెప్పు."

నర్సవ్వ మూతి ముడిచి, "నో, నో" అని తల అడ్డంగా ఊపేది.

"ఓసి నీ మొకం మండ! ఎస్ అనే, ఎస్!"

ఆడవాళ్లంతా పొట్ట పట్టుకుని నవ్వేవారు. ఆ షెడ్డులో అంత నవ్వు ఎప్పుడు వినబడిందో ఎవరికీ గుర్తులేదు.

సదస్సు రోజు ఆకుపచ్చ అంచు చీర కట్టుకుని సంగవ్వ హోటల్ చేరుకుంది. గుమ్మంలోనే విలాస్ సేట్ ఎదురొచ్చాడు. చేతిలో ఇత్తడి పళ్లెం, అందులో దీపం, పసుపు, కుంకుమ.

"సరిగ్గా వేళకొచ్చావు మావ్శీ. విదేశీ పాహుణేలు దిగుతున్నారు. నువ్వే అందరికీ బొట్టు పెట్టి ఆరతి పట్టు. మీ గిర్నీ పసుపే ఇది. ఫోటో బ్రహ్మాండంగా వస్తుంది."

పళ్లెం ఆమె చేతిలో పెట్టేశాడు. రామదాస్ ప్రాణం పోయింది ఈ మనిషి దుకాణం ముందే. అది ఆయనకు గుర్తే లేదు! అప్పుడు ఆమె నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. కానీ ఎలా మూసుకుంటుంది? పెనిమిటి పోయిన నాటి నుంచి ప్రతి శుభకార్యంలోనూ తనంతట తానే వెనక్కి జరిగి నిలబడిన మనిషి. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లకు తన చేతుల మీదుగా కీడు జరిగితే ఎట్లా అనుకుంది.

"సేట్, ఇది నేను పట్టొద్దు. నా పెనిమిటి లేడు."

"అరెరె! ముందే చెప్పొద్దూ!" అంటూ ఆయన పళ్లెం లాక్కున్నాడు.

సంగవ్వ ఊపిరి పీల్చుకుంది. అపచారం తప్పింది, ఇక తిన్నగా వెళ్లి స్టేజి మీద కుర్చీలో కూర్చోవచ్చు అనుకుంది. పిచ్చి తల్లి! సంగతి పళ్లెంతోనే పోయిందనుకుంది. సేట్ అప్పటికే కోడలు శ్రద్ధకు ఫోన్ చేస్తున్నాడు. శ్రద్ధ గిర్నీ గడప ఒక్కనాడూ తొక్కి ఎరగదు. కాసేపట్లో తొమ్మిది గజాల చీరతో, ముక్కుకు ముత్యాల నత్తుతో కారు దిగింది.

యామిని పరుగెత్తుకొచ్చింది. "సార్, మాట్లాడాల్సింది సంగవ్వగారు. పేరు కూడా అచ్చువేశాం."

"జ్యోతి వెలిగించాలి, కొబ్బరికాయ కొట్టాలి. శుభమా అని మొదలుపెట్టే సభ. మావ్శీ మధ్యాహ్నం మాట్లాడుతుందిలే," అన్నాడు సేట్. "జర్మనీవాళ్లకు ఆడమనిషి కావాలి. ఆడమనిషినే కూర్చోబెడుతున్నాను. ఇంకేం కావాలి?"

యామిని తలూపి వెనక్కి తగ్గింది. ఆ పిల్లకు ఉద్యోగం కావాలి మరి. సంగవ్వ దగ్గరికి వచ్చి మాత్రం ఉండబట్టలేక అడిగేసింది.

"ఎందుకు చెప్పారమ్మా? ఎవరడిగారు మిమ్మల్ని?"

"చెప్పకుంటె పాపం తగలదా బిడ్డా? గంత దూరంకెళ్లి అచ్చినోళ్లు."

"వాళ్లకి ఇవన్నీ ఏం తెలుసమ్మా? మీరు బొట్టు పెడితే థాంక్యూ అనేవాళ్లు, అంతే."

ఆ మాట సంగవ్వకు ముల్లులా దిగింది. హాలు వెనక గోడకు ఆనుకుని నిలబడింది. స్టేజి మీద శ్రద్ధ ఇంగ్లీషులో గలగలా మాట్లాడుతోంది. యామిని పక్కనే నిలబడి చెవిలో తెలుగు చేసి చెప్పింది.

"మా గిర్నీలో, మా అక్కచెల్లెళ్ల చేతుల్లో పుట్టిన పసుపు అంటోంది."

"మా గిర్నీ అన్నదా?"

"అలాగే అందమ్మా."

ముందు వరసలో జర్మనీ ఆవిడ లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టింది. పాపం, ఒక ఆడదానికి న్యాయం చేశానన్న తృప్తి ఆవిడ ముఖం నిండా ఉంది. ఆ శ్రద్ధ గిర్నీ మొకం చూడలేదు దొరసానీ అని సంగవ్వకు అరవాలనిపించింది. సేట్ మీదకన్నా తన మీదే తనకు ఎక్కువ కోపం వచ్చింది. తన కుర్చీని తన నోటితోనే వదులుకుంది.

భోజనాలు కాగానే విదేశీ అతిథులు కార్లెక్కి విమానాశ్రయానికి వెళ్లిపోయారు. మధ్యాహ్నం సభ అన్నది జరగనే లేదు. వెళ్లేటప్పుడు ఎవరో గుమాస్తా ఒక శాలువా, కొబ్బరికాయ సంచిలో పెట్టి ఆమె చేతికిచ్చాడు.

గిర్నీలో అందరూ కాచుకుని కూర్చున్నారు. నర్సవ్వ ముందే ఉరికొచ్చింది.

"ఏమాయెనే? చెప్పినవా?"

అన్ని ముఖాలు ఆశగా చూస్తుంటే నిజం నోట్లోంచి ఎలా వస్తుంది?

"చెప్పిన," అంది సంగవ్వ.

ఆనాటి నుంచి వాళ్లు కొత్త సంచుల కోసం ఎదురుచూడసాగారు. ఎండలు ముదిరాక సేట్ దుకాణం నుంచి కట్టలు వచ్చాయి. నర్సవ్వ పళ్లతోనే తాడు తెంపింది. సంచి నిగనిగలాడుతోంది. పైన సేట్ కంపెనీ పేరు. కింద పెద్ద అక్షరాలతో 'మహిళల చేతి పసుపు' అని ఉంది. నడుమ ఒక ముత్తైదువ బొమ్మ, నుదుట ఎర్రని కుంకుమ, ముక్కుకు నత్తు, చేతిలో పళ్లెం. గట్ పేరు కోసం ఆడవాళ్లు సంచిని అటూ ఇటూ తిప్పారు, లోపలి వైపు కూడా తిరగేసి చూశారు.

"మన పేరేదే? ఈమెవ్వలే సంగవ్వా?"

"మనమేనట."

నర్సవ్వ బొమ్మ వైపు చూసింది. చుట్టూ ఉన్న బోసి నుదుళ్ల వైపు చూసింది. ఈసారి నవ్వలేదు.

"మరి గా దినం చెప్పిన అంటివి కదనే?"

"చెప్పిన నర్సవ్వా. చెప్పగూడనిది చెప్పిన."

చల్లారిన పసుపు పిండి నింపాలి, సాయంత్రానికి సేట్ బండి వస్తుంది. సంగవ్వ ఒక సంచి తీసి, నోరు తెరిచి, రెండు చేతులతో పట్టుకుంది. బొమ్మలో ఉన్న శ్రద్ధ బుగ్గల మీద సంగవ్వ వేలిముద్రలు పచ్చగా పడ్డాయి.

"మరక తుడువే," అంది నర్సవ్వ. "ఖరాబైతె సేట్ వాపస్ పంపుతడు."

సంగవ్వ కొంగుతో తుడిచింది.