కాలుముక్క లేని కోడి

మా అమ్మ రుక్మిణమ్మది హిందూపురం. కాపురానికి వచ్చింది ధర్మవరం, మగ్గమున్న ఇంటికి. మా నాయన గంగాధర మగ్గం గుంతలో కూర్చుని పట్టుచీర నేస్తుంటే, కండెలు చుట్టేది, పోగు తెగితే అతికేది అమ్మ. పొద్దు పొడవక ముందు మొదలైతే దీపాలు పెట్టేదాకా ఇద్దరిదీ ఒకటే చాకిరి. తేడా వచ్చేదల్లా కంచం దగ్గరే.

కోడి కోసిన రోజు మా ఇంట్లో గరిటె అవ్వ హనుమక్కది. కోడికి రెండే కాళ్ళు కదా. ఒకటి తాత మారెప్పకు, ఒకటి నాయనకు. తమ్ముడు పుట్టాక నాయన కాలు వాడి కంచంలోకి పోయింది. మగవాళ్ళు తిని లేచాక అవ్వ, అమ్మ, నేను కూర్చునేవాళ్ళం. మాకు మిగిలేవి మెడ, రెక్కల కొసలు, గిన్నె అడుగున పులుసు. చిన్నప్పుడు ఒకసారి తాత కంటే ముందు చేయి చాపి కాలుముక్క తీసుకున్నాను. అవ్వ గరిటెతో నా చేతి మీద ఒక్కటేసింది.

"ఆడపిల్ల కాలుముక్క తింటే ఇంట్లో కాలు నిలవదు, పెట్టు ఆడ," అంది.

ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు, పోనివ్వను కూడా. అవ్వ తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే మనిషి, ఆమెతో వాదించి గెలిచినవాళ్ళు లేరు. ఆరోజు అమ్మ నా చేతికి కొబ్బరినూనె రాసి ఊరుకుంది. ఊరుకుందనే నేను అనుకున్నాను.

తొంభై ఎనిమిదిలో ఉగాదికి ముందు అమ్మ పుట్టింటికి పోయింది. మా మేనమామ హిందూపురం బస్టాండు దగ్గర చైనా వంటల బండి పెట్టుకున్నాడు. ఒక సాయంత్రమంతా అమ్మ ఆ బండి పక్కనే నిలబడి చూసిందట. అక్కడ చిల్లీ చికెన్ తినేవాళ్ళలో బస్సు డ్రైవరూ ఉన్నాడు, ఆఫీసరూ ఉన్నాడు, కాలేజీ ఆడపిల్లలూ ఉన్నారు. అందరి ప్లేట్లలోనూ ఒకే తీరు ముక్కలు. ఏది కోడిలో ఏ భాగమో వండినవాడికే తెలియదు.

"అన్నా, ఇది ఇంట్లో చేస్తే వస్తాదా?" అని అడిగింది.

"ఎందుకు రాదు? మంట పెద్దగా పెట్టాల, చేయి నిలపకూడదు, అంతే."

ఒక సోయా సాసు సీసా, ఒక కార్న్‌ఫ్లోర్ పొట్లం చీర మడతల్లో పెట్టుకుని వచ్చింది.

ఉగాది మరునాడు మా వైపు మాంసం కూర ఉడకని ఇల్లుండదు. ఆరోజు అమ్మ తానే అంగడికి పోయి, "ముక్కలు కొట్టొద్దప్పా, నిండు కోడే ఇయ్యి," అని ఫారంకోడిని తెచ్చింది. ఈళ్ళపీట ముందర కూర్చుని, దాని కత్తికి ఆనించి ఎముక నుంచి కండ ఒలిచింది. కాలు, రొమ్ము, చివరికి మెడ మీదున్న కాస్త కండ కూడా. అన్నీ ఉసిరికాయంత ముక్కలు కోసి ఒకే గిన్నెలో వేసి కలిపేసింది. ఎముకలతో మిరియాల చారు పెట్టింది. ముక్కలకు కోడిగుడ్డు, కార్న్‌ఫ్లోర్, అల్లంవెల్లుల్లి, కారం పట్టించి ఎర్రగా వేయించింది. తర్వాత బాణలిలో పచ్చిమిర్చి, ఉల్లిగడ్డ, క్యాప్సికం వేసి మంట పెంచేసరికి ఆ ఘాటుకు వీధి వీధంతా దగ్గింది.

అవ్వ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వచ్చింది.

"ఆ నల్లది ఏమ్మే, బండికి పోసే నూనె మాదిరి ఉండాది?"

"సాసు అత్తా. చైనావోళ్ళు ఏసుకుంటారు."

"చైనావోళ్ళు మనింటికి యాడొస్తారు?"

తాత, నాయన, తమ్ముడు కంచాల ముందు కూర్చున్నారు. అవ్వ అలవాటుగా గరిటె తీసుకుని బాణలిలో కాలుముక్క కోసం దేవింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"కాలు యాడ?"

"అన్నీ కాళ్ళే అత్తా. అన్నీ మెడలే. కోసి కలిపేసినా," అంది అమ్మ.

తాత కంచం పక్కకు నెట్టి లేచాడు. "కాలు లేని కూర మీరే తినండి," అని బయటికి పోయి అరుగు మీద కూర్చున్నాడు. మా ఇంట్లో పెద్దాయన కంచం ముందర నుంచి లేవడం అంతకు ముందెన్నడూ లేదు. నాయన ముఖం మాడిపోయింది.

"ఏం తెగింపే నీకు? పోయి పిలు ఆయన్ని."

"పిలవను. నువ్వు నేసిన చీరలో నీ చేతి పోగు ఏదో, నేను చుట్టిన పోగు ఏదో చూపించు, అప్పుడు పిలుస్తా. ఆడ కలిసిపోతే బాగుంటాది, ఈడ కలిస్తే తప్పా?"

అమ్మ అవ్వ చేతిలోంచి గరిటె తీసుకుంది. ఇంకో మూడు కంచాలు మగవాళ్ళ వరసలోనే పెట్టి, నన్ను కూర్చోబెట్టి, తానూ కూర్చుంది. "నువ్వూ కూర్చో అత్తా, చల్లారితే బాగుండదు," అంది.

అవ్వ గోడ పట్టుకుని కూర్చుంది. ఒక ముక్క నోట్లో పెట్టుకుని మెల్లగా నమిలింది. ఇంకొకటి తీసుకుంది.

"ఏమ్మే రుక్మిణీ, ఇది కాలా?"

"ఏమో అత్తా. నీకు తెల్దా?"

"నాకెట్ల తెలుస్తాది? వడ్డిస్తి గానీ ఎప్పుడన్నా తింటినా?"

నాయన తల వంచుకుని తిన్నాడు. అవ్వ మాత్రం కంచం ముందుకు జరిపి, "ఇంకా ఎయ్యి," అంది. అమ్మ వేసింది. మళ్ళీ అడిగింది. మళ్ళీ వేసింది.

ఆకలికి ఆగలేక తాత లోపలికి వచ్చేసరికి బాణలి ఖాళీ. ఆయన అవ్వ వైపు చూశాడు. అవ్వ చేయి కడుక్కుని, గరిటె తీసుకుని, ఆయన కంచంలో అన్నం పెట్టి చారు పోసింది. గిన్నెలో వెతికి మెడ ఎముక కూడా వేసింది.

"తిను. ఇన్నేండ్లు నేను తినలేదా?"