అద్దం అవతలి గొర్రె

ఆపరేషన్ అయిన గొర్రె బతకాలంటే దానికి ఇంకో గొర్రె కనబడాలన్నాడు ఎల్లస్వామి. కనబడకూడదన్నాడు డాక్టర్ మహేశ్వర్. ఒకరు మందలో పుట్టి పెరిగినవాడు, ఇంకొకరు మూడు దేశాలు తిరిగి చదివొచ్చినవాడు. చుట్టూ ఎనిమిదిమంది తెల్లకోట్లవాళ్ళు చేతులు కట్టుకుని నిలబడ్డారు. తొమ్మిదో మనిషి బుగ్గమ్మ, ఎల్లస్వామికి అక్క. చేతిలో చీపురుంది కానీ ఊడ్చే పని ఎప్పుడో అయిపోయింది. తమ్ముడు తగువు పడుతుంటే వదిలేసి పోయే మనిషి కాదామె.

ఇది జరిగి ఆరేళ్ళయింది. రేపు గురువారం పొద్దున ఎల్లస్వామికే మూత్రపిండం మారుస్తారు. బతికి బయటపడతాడా లేదా అని ఇంటిల్లిపాదికీ బెంగ పట్టుకుంది. బుగ్గమ్మకూ ఉంది. అయినా హైదరాబాదు దవాఖాన వరండాలో కూర్చుని ఆమె ఆ గొర్రె తగువునే తలుచుకుంటోంది. గెలిచిన తగువును తలుచుకుంటే మనసు కుదుటపడుతుంది.

ఇబ్రహీంపట్నం నుంచి యాచారం పోయే తోవలో ఉన్న ఆ పరిశోధన సంస్థకు బారెడు ఇంగ్లీషు పేరుంది. చుట్టుపక్కల వాళ్ళకు మాత్రం అది గొర్రెల దవాఖాన. ఒక మనిషి నుంచి తీసిన మూత్రపిండాన్ని ఇంకో మనిషికి పెట్టేలోపు అది ఎంతసేపు చెడకుండా ఉంటుంది, ఏ మందునీళ్ళలో ఉంచితే ఇంకాసేపు నిలుస్తుంది అని అక్కడ చూస్తారు. గొర్రెకు మత్తిచ్చి ఒక మూత్రపిండం తీసి, చల్లటి మందునీళ్ళలో ఒక పగలూ ఒక రాత్రీ ఉంచి, తిరిగి ఆ గొర్రెకే పెట్టి కుడతారు. రెండోది తీసేస్తారు. పెట్టినది పనిచేస్తేనే ఇక గొర్రె బతికేది.

అప్పటికి మూడు గొర్రెలు పోయాయి. మూత్రం వస్తూనే ఉంది, కుట్లు మానుతూనే ఉన్నాయి. అయినా మేత ముట్టక, గోడకు ముఖం పెట్టి నిలబడి, నాలుగో రోజుకల్లా ఒరిగిపోయాయి. మందునీళ్ళలోనే ఏదో లోపమని డాక్టర్లు తలలు పట్టుకున్నారు. నాలుగోది నుదుట తెల్లమచ్చ ఉన్న బొల్లి గొర్రె. అద్దాల గదిలో ఒక్కటే ఉంది. ఒంటినిండా వైర్లు, పక్కన గుండె లెక్క చూపించే మిషను.

"నీ మందునీళ్ళు మంచియే సార్," అన్నాడు ఎల్లస్వామి. "గది సల్లగున్నది, సాఫుగున్నది. మరి దానికి తోడేది?"

"ఇన్ఫెక్షన్ వస్తుందయ్యా. కుట్లు ఆరని జీవం పక్కకు ఇంకోదాన్ని తెస్తారా ఎవరైనా?"

"లోపటికి తెమ్మన్ననా? అద్దం అవతల ఉంచుమంటున్న. గా మిషన్ల ఎంత కొట్టుకుంటున్నది సార్ గుండె?"

"నూట నలభై."

"నొప్పికా?"

"నొప్పికి మందిచ్చాం. ఎందుకు తగ్గడం లేదో అదే అర్థం కావడం లేదు."

"భయం సార్. మంద తప్పిన గొర్రె గుండె గట్లనే ఉరుకుతది. నీ మందు దాని మూత్రపిండానికి ఇచ్చినవ్, దాని కండ్లకేమిచ్చినవ్?"

ఆ మాటకు డాక్టర్ నవ్వి, సరే తెండి ఒకదాన్ని, చూద్దాం అన్నాడు. పనివాడొకడు కొట్టంలోంచి చేతికందిన గొర్రెను చెవి పట్టి లాక్కొచ్చాడు. అది ఆ లైట్లూ అద్దాలూ చూసి బెదిరిపోయింది. నిలబడి గొంతు చించుకుని అరిచింది. లోపల బొల్లి గుండె నూట యాభై అయిదుకు ఎక్కింది.

"చూశావా?" అన్నాడు డాక్టర్. తెల్లకోట్లన్నీ పక్కున నవ్వాయి.

"గొర్రెను తెమ్మంటే భయాన్ని గుంజుకొచ్చిన్రు," అన్నాడు ఎల్లస్వామి ఏమాత్రం తొణకకుండా. "నిలవడి ఒర్రే గొర్రె ఎందుకు పనికొస్తది సార్? పండుకొని నెమరేసేది కావాలె."

"నీకు అరగంట టైమిస్తున్నా."

"మస్తయితది."

బెదిరిన గొర్రెను ఆయనే నెమ్మదిగా కొట్టానికి తోలుకుపోయాడు. రోజూ బొల్లి పక్కన పడుకునే ముసలి గొర్రెను వెతికి తెచ్చాడు. అద్దం ముందు గొంతుకూర్చుని దాని గదవ కింద నిమురుతూ ఉండిపోయాడు. తెల్లకోట్లు గడియారాలు చూసుకున్నాయి. కాసేపటికి ముసలిది మోకాళ్ళు మడిచి పడుకుంది. ఇంకాసేపటికి దాని దవడ పక్కలకు ఆడటం మొదలైంది. లోపల బొల్లి గోడ నుంచి ముఖం తిప్పింది. నూట ముప్పయి. నూట పది. వైర్లు అందినంత దూరం అద్దం వైపు వచ్చి, అదీ మోకాళ్ళు మడిచింది. తొంభై రెండు. దాని దవడా ఆడింది.

తెల్లకోట్లన్నీ అద్దానికి ముఖాలు ఆనించాయి. బుగ్గమ్మ చీపురు చంకలో పెట్టుకుని డాక్టర్ పక్కకు వచ్చింది.

"గా లెక్క జర రాసుకో సారూ. మల్ల మర్సిపోతవ్."

డాక్టర్ మహేశ్వర్ మంచివాడే. చదువుకున్నవాడు ఓడిపోతే ముఖం మాడ్చుకుంటాడని బుగ్గమ్మ అనుకుంది. ఆయన నిజంగానే రాసుకున్నాడు. ఆ రోజు నుంచి అద్దం అవతల తోడు గొర్రె లేకుండా ఏ ఆపరేషనూ జరగలేదు. బొల్లి బతికింది. బతకడమే కాదు, ఒక్క మూత్రపిండంతో రెండు ఈతలు ఈనింది. డాక్టర్ ఆ సంగతంతా ఇంగ్లీషులో అచ్చు వేయించి, చివర చిన్న అక్షరాల్లో ఎల్లస్వామి పేరు పెట్టించాడు. బుగ్గమ్మ చదివింది రెండో తరగతి, అదీ తెలుగు. ఏదిరా నీ పేరని అడిగి, తమ్ముడు వేలు పెట్టి చూపించిన చోట పసుపు బొట్టు పెట్టింది.

ఎల్లస్వామి ఆ గొర్రెల దవాఖానకు సరదాగా పోలేదు. ఆయనకు నలభై గొర్రెల మంద ఉండేది. ఆ రోజుల్లో నిన్న మేపిన బీడు ఇవాళ వెంచర్ అయిపోయేది. తెల్ల హద్దురాళ్ళకు గొర్రెలు ఒళ్ళు రుద్దుకుంటే వాచ్‌మన్ కర్ర పట్టుకుని ఉరికొచ్చేవాడు. ఆదిభట్లకు విమానాల సామాను చేసే కంపెనీలొచ్చాక రోడ్డు మీద కంపెనీ బస్సుల వరస తెగేది కాదు, మందను దాటించడానికి పొద్దు సగం పోయేది. చివరికి మందను అమ్మేసి, గొర్రెలు కావాలన్న చోటికే నౌకరికి పోయాడు. ఏం చదివావని అడిగితే కొట్టంలో ఒక గొర్రెను చూపించి, అది ఎల్లుండి ఈనుతుందన్నాడట. ఎల్లుండి ఈనింది. నౌకరి ఇచ్చారు. ఊడ్చే పని ఉందని తెలిసి అక్కను కూడా పెట్టించాడు. లోపల ఉమ్మకూడదని గేటు దగ్గర చెబితే, నడుముకున్న వక్కాకు సంచి తడుముకుని, "ఉమ్మ, మింగుత" అని బుగ్గమ్మ మొదటిరోజే తేల్చేసింది.

అంత కనిపెట్టే మనిషి తన ఒంటి సంగతి కనిపెట్టలేకపోయాడు. ఏళ్ళ తరబడి మంద వెంట నడిచిన మోకాళ్ళు. ఆ నొప్పికి మందుల షాపులో గోళీలు కొని, రోజుకు రెండు చొప్పున ఏళ్ళకేళ్ళు మింగాడు. నెమరు వేస్తున్న జీవానికి రోగం లేదని ఆయన లెక్క. రెండు పూటలా కంచం ఖాళీ చేస్తున్నాను కదా, నాకేం రోగమని తన విషయంలోనూ అదే లెక్క కట్టాడు.

ఒకరోజు పొద్దున బుగ్గమ్మ ఆయన ముఖం ఎగాదిగా చూసింది.

"ఏంది తమ్మీ, మొకం నీళ్ళల్ల నానిన రొట్టె లెక్కయింది?"

"నిద్రెక్కువైందక్కా."

"నిద్ర కాళ్ళకు గూడ పట్టిందా? చెప్పుల పట్టీ ఎట్ల దిగవడ్డదో సూడు."

ఆయన ఏదో అనబోతుండగానే రెక్క పట్టుకుని డాక్టర్ మహేశ్వర్ ముందుకు తోలుకుపోయింది. డాక్టర్ కాలి మీద బొటనవేలితో నొక్కాడు. వేలు తీసినా గుంట అట్లాగే ఉండిపోయింది. ఆ సాయంత్రమే రక్తపరీక్ష చేయించారు. ఆ గోళీలు రెండు మూత్రపిండాలనూ తినేశాయి.

"గొర్రెల్లో ఇంత పసిగడతావు. నీ కాళ్ళు చూసుకోలేదా ఎల్లస్వామీ?" అన్నాడు డాక్టర్ బాధగా.

"గొర్రె కాళ్ళు కండ్ల ముంగట ఉంటయ్ సార్. నావి కిందుంటయ్."

ఎనిమిది నెలలు వారానికి రెండుసార్లు బస్సెక్కి, హైదరాబాదుకు పోయి మిషను మీద రక్తం శుభ్రం చేయించుకుని వచ్చాడు. పెళ్ళాం యమున బ్లౌజులు కుడుతుంది. నా మూత్రపిండం పెట్టండని డాక్టర్లకు ముందుగా చెప్పింది ఆమే. పరీక్షలన్నీ సరిపోయాయి. ఎల్లస్వామి నెలరోజులు ఒప్పుకోలేదు.

"నా కోసం నీ కడుపు కోపిచ్చుకుంటవా? వద్దు."

"బొల్లి ఒక్కదానితోని రెండీతలు ఈనిందని ఊరంత చెప్పుకొని తిరిగినవ్ గద," అంది యమున సూదిలోకి దారం ఎక్కిస్తూ. "నేను గొర్రె కన్న తక్కువనా?"

"అట్లెవరన్నరు?"

"మరి నోరు మూసుకొని సంతకం పెట్టు."

పక్కనే ఉన్న బుగ్గమ్మకు నవ్వాగలేదు. తమ్ముడు తగువులో ఓడిపోగా ఆమె చూసింది అదొక్కసారే.

దవాఖానలో చేరిన రోజు ఎల్లస్వామి ఆపరేషన్ చేసే పెద్ద డాక్టర్ని ఒకే ఒక ప్రశ్న అడిగాడు.

"మా ఇంటామెది తీసినంక ఎంతసేపు బయట ఉంటది సార్?"

"గంట కూడా ఉండదు. పక్క పక్క గదులే."

"గంటేనా?" ఎల్లస్వామి నవ్వేశాడు. "మా బొల్లిది ఒక పగలు, ఒక రాత్రి బయట ఉండొచ్చింది. ఇంక నాకేం ఫికర్?"

బుధవారం సాయంత్రం చూడటానికి వదిలే వేళకు బుగ్గమ్మ లోపలికి వెళ్ళింది. యమునను పై అంతస్తులో ఉంచారు, ఆమె దగ్గర తల్లి ఉంది. ఎల్లస్వామి మంచం దగ్గర నర్సు నిలబడి, ఆపరేషన్ తర్వాత ఎట్లా ఉంటుందో చెబుతోంది. అయిదు రోజులు అద్దాల గదిలో ఒక్కడినే ఉంచుతారట. జబ్బులు అంటుకుంటాయని లోపలికి ఎవరినీ రానివ్వరట. చూసుకోవాలంటే అద్దం బయట నుంచే. అదిగో ఆ గదే అని చేయి చూపించి వెళ్ళిపోయింది.

ఆ గదిలో అప్పటికే ఎవరో ఉన్నారు. ఒంటికి వైర్లున్నాయి. అద్దం బయట ఆయన మనుషులు కాబోలు, ఇద్దరు నిలబడి కొంగులు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నారు. ఎల్లస్వామి అటే చూస్తూ ఉండిపోయాడు.

"అక్కా," అన్నాడు చివరికి, "ఆయన మొకం గోడకున్నది."

బుగ్గమ్మ చూసింది. అవును, గోడకే ఉంది. ఆమె కొంగు నడుముకు దోపుకుంది.

"నీకేం భయం తమ్మీ? నేనుంట. పొద్దుగాల్నుంచి గీ అద్దం కాడనే నిలవడత. ఎవడు పొమ్మంటడో సూస్త. నర్సు గాదు, వాళ్ళ పెద్ద డాక్టరొచ్చినా కదల."

"నిలవడకు," అన్నాడు ఎల్లస్వామి.

"ఏంది?"

"నిలవడొద్దక్కా. నువ్వు నిలవడి ఏడుస్తే నా గుండె ఉరుకుతది. ఎవలతోని కొట్లాడొద్దు గూడ. నాకు తెలివొచ్చి కండ్లు తెరిచేటాల్లకు, అద్దం అవతల కుర్చీ ఏసుకొని సదురుకొని కూసోవాలె. సంచి నిండ ఆకులు, వక్కలు తెచ్చుకో. నోట్లె ఏసుకొని నిమ్మలంగ నములు. ఉమ్మకు, మింగు. ఉమ్మితే ఎల్లగొడుతరు. నీ దవడ ఆడుతుంటే జూసుకుంట నేను పండుకుంట. మిషన్ల లెక్క కనవడుతది, నీకు అంకెలొస్తయ్ గద? తొంభైకి దిగేదాంక కుర్చీల నుంచి లేవకు."