బావ ఇంటి దూలంలో ఎక్కువైన ఇనుము

మొన్న కూర్మన్నపాలెంలో తమ ఇల్లు పడగొడుతున్నారని, ఆ స్థలంలో అపార్ట్‌మెంటు లేస్తుందని అక్క ఫోన్ చేస్తే, వెళ్లి ఆ దుమ్ములో కాసేపు నిలబడి వచ్చాను. ఎందుకు వెళ్లానో నాకే సరిగ్గా తెలియదు.

ఆ ఇల్లు కట్టే రోజుల్లో నేను ఇంజనీరుగా కొత్తగా ఉద్యోగంలో చేరాను. స్టీలు ప్లాంటులో పనిచేసే బావ, అంటే మా అక్క భర్త, నమ్మకంతో డిజైను నన్నే చెయ్యమన్నాడు. ఇనుము వేసి పోసిన కాంక్రీటుకు సాగే గుణం ఉండాలని, భూకంపం వస్తే దూలం ఫెళ్లున విరగకుండా ముందు వంగి, బీటలిచ్చి, లోపలివాళ్లు బయటపడే వ్యవధి ఇవ్వాలని కట్టడాల నిబంధనల కోడ్ చెప్పేది. అందుకే దూలంలో ఇనుము హద్దు దాటకూడదు, దాటితే ఇనుము సాగకముందే కాంక్రీటు నలిగిపోతుంది; దూలం స్తంభాన్ని కలిసేచోట మాత్రం రాడ్లను చుట్టే రింగులు దగ్గరదగ్గరగా ఉండాలి. ఇదంతా చదివి పరీక్ష రాసినవాణ్ణే గానీ, బావకి చెప్పబోయేసరికి నాకే తికమకగా ఉండేది.

“ఏటి బామ్మర్దీ నీ లెక్క? రాడ్లు తగ్గించమంతావు, రింగులు పెంచమంతావు. ఇల్లు గట్టిగుండాలా, వంగాలా?” అన్నాడాయన.

వంగితేనే గట్టి అన్నాను. బావతో పాటు అక్క కూడా నవ్వింది. పోనీ భూకంపాలు పెద్దగా రాని మన ఊరికి ఇది తప్పనిసరా అని బావ అడిగితే, అవునో కాదో తేల్చి చెప్పలేకపోయాను. ఇనుము కరిగించి బతికే మనిషికి ఇనుము తగ్గించమనడం చిన్నతనంగా తోచిందేమో, నాకు చెప్పకుండా దూలాల్లో రాడ్లు పెంచేశాడు. నా మాట బొత్తిగా తీసెయ్యలేక రింగులు దగ్గరగానే కట్టించాడు. అది తెలిసి నేను అలిగి గృహప్రవేశానికి వెళ్లలేదు. చాలాకాలం మా మధ్య మాటల్లేవు.

తర్వాత ఒక పెద్ద తుఫానులో, గాజువాకలో మేం అద్దెకున్న ఇంటి రేకులు లేచిపోతే, గాలి పూర్తిగా తగ్గకముందే బావ తడుస్తూ నడిచొచ్చాడు. “లెగండి, మనింటికెల్దాం” అన్నాడు, అంతే. ఆ దూలాల కింద పిల్లలు పడుకుంటే, భయపడాలో ధైర్యపడాలో తెలియక పైకి చూస్తూ కూర్చున్నాను. ఇల్లు చెక్కు చెదరలేదు. చూశావా అని ఆయన అనలేదు. గాలి వేరు, భూకంపం వేరు అని నేనూ అనలేదు.

బావ పోయి కొన్నేళ్లయింది. ఎవరి మాట నిజమో తేలకుండానే ఇల్లూ పోయింది. ఇప్పుడు రింగులెంత దగ్గరుండాలో కంప్యూటరే చెబుతుంది. ఫ్లాటు కొనేవాళ్లు లిఫ్టు గురించి, పార్కింగు గురించి అడుగుతారు గానీ దూలం వంగాలా వద్దా అని అడగరు. అంతా మంచికే కావచ్చు. ఇంటి దూలం కోసం అయినవాళ్లతో తగువు పడటమనేది మా ఈడువాళ్లతోనే పోయినట్టుంది. అది పోగొట్టుకోవడమో, బాగుపడటమో నాకింకా అర్థం కావడం లేదు.