అత్తమ్మ అడిగిన లోతు

పోయిన వారం మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లుకు, ధాన్యంలో తేమ కొలిచే యంత్రాన్ని సరిచేయడానికి వెళ్లాను. పనిముట్ల సంచిలో చిన్న స్క్రూడ్రైవర్ కోసం వెతుకుతుంటే అడుగున నాలుగు మడతలు పెట్టిన కాగితం చేతికి తగిలింది. అదేమిటో విప్పకముందే వాసన చెప్పింది. ఊక దుమ్ము, ఉడికిన వడ్ల ఆవిరి నిండిన ఆ షెడ్డులో కూడా ఆముదం వాసన దాగలేదు. కాగితానికి ఒకవైపు నా చేతిరాతలో పదకొండు అంశాల జాబితా, ప్రతిదాని పక్కన టిక్కు. రెండోవైపు మా అత్తమ్మ గుండ్రటి అక్షరాల్లో అంకెల వరస: 3.6, 4.1, 5.0, 7.8, 11.2. చివరి అంకె కింద రెండు గీతలు గీసి, "చాలు ఇగ" అని రాసి ఉంది.

అత్తమ్మ అంటే మా మేనమామ భార్య. వాళ్లది కోదాడ. మామ మేళ్లచెరువు వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో కరెంటు పనులు చూసి రిటైరయ్యాడు. వయసులో ఉన్నప్పుడు ఏదో ట్రైనింగ్‌కు హైదరాబాదు వెళ్లి హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవలు చూశాడట. ఆ తర్వాత ముప్ఫై ఏళ్లు సున్నపురాయి దుమ్ములో నిలబడి వాటినే తలుచుకున్నాడు. రిటైరైన ఏడాదే పదహారడుగుల పాత ఫైబర్ పడవ ఒకటి కొని లారీ మీద తెచ్చాడు. దారిలో సూర్యాపేట దగ్గర టీకి ఆగితే జనం మూగారు. ఒక ముసలాయన పడవ చుట్టూ రెండుసార్లు తిరిగి, "గొర్లకు నీళ్లు పెట్టే తొట్టా సారూ? జర పెద్దదే చేయించినవ్" అన్నాడు. మామ ఈ మాట నవ్వుతూనే చెబుతాడు గాని, ముసలాయనను ఇంకా క్షమించలేదని నా అనుమానం.

పడవను కృష్ణ బ్యాక్‌వాటర్ ఒడ్డున కట్టేశాడు. అంత చిన్న తెరచాప పడవ ఒక్కడితో నిలకడగా ఉండదు. గాలి ఒకవైపు ఒరగతోస్తే రెండోవైపు కూర్చుని బరువు ఆనించే మనిషి కావాలి. ఆ మనిషి అత్తమ్మ కావాలని మామ ఆశ. ఆమె ససేమిరా ఎక్కనంది. ఏడాదిపాటు ఆమె చోట ఇసుక బస్తా పెట్టుకుని తిరిగాడు. బరువు సరిపోయింది గాని, బస్తా మాట్లాడదు గదా. "ఇసుక బస్తాకు నేను కొంగను సూపిస్తున్నరా అల్లుడా," అన్నాడు ఒకరోజు నాతో. ఆ మాటకు నవ్వాలో వద్దో తెలియలేదు.

అత్తమ్మ భయానికి కారణం ఉంది. ఆమె పుట్టిల్లు మోతె దగ్గర. చిన్నప్పుడు చెరువులో మోకాళ్లలోతే అనుకుని అడుగేస్తే, అది మట్టి తవ్వుకుపోయిన గుంత. అన్న జుట్టు పట్టి లాగబట్టి బతికింది. అప్పటినుంచి ఆమెకు ఒకటే నియమం: "లోతు తెల్వని నీళ్లల్ల, గుణం తెల్వని ఇంట్ల కాలు పెట్టద్దు." ఒక ఆదివారం భోజనాల దగ్గర మామ మళ్లీ అడిగితే, నాకు పప్పు వడ్డిస్తూ నా ముందే తేల్చి చెప్పింది: "కింద ఎంత లోతుందో నా కండ్లకు సూపెట్టుండ్రి. అప్పుడు ఎక్కుత."

"ఈత రానోళ్లకు రెండు మీటర్లయినా ఇరవై మీటర్లయినా ఒకటే గదనే," అన్నాడు మామ.

"ఒకటే అయితే సూపెట్టనీకి నీకేం కష్టం?"

కొలిచే యంత్రాలు బాగుచేయడం నా వృత్తి కాబట్టి ఇద్దరూ నావైపు చూశారు. నేను ఆ రాత్రే జాబితా మొదలుపెట్టాను. లోతు చెప్పే యంత్రం పడవ అడుగునుంచి శబ్దాన్ని కిందికి పంపి, నేలకు తగిలి తిరిగొచ్చిన సమయాన్ని బట్టి లెక్కకడుతుంది. వేగం చెప్పేది నీళ్లలో తిరిగే ఒక బుల్లి పళ్ల చక్రం. రెండూ ఒకే తెర మీద కనిపించేది దొరికింది. అంకెలు పెద్దవి, ఎండలోనూ చదవొచ్చు, పన్నెండు వోల్టుల బ్యాటరీ చాలు. కానీ దానితో వచ్చిన పుస్తకం ప్రకారం బిగించాలంటే పడవ అడుగున గుప్పెడంత రంధ్రం చేయాలి. మామ లేచి నిలబడ్డాడు. "కొన్న పడవకు చేతులార బొక్క పెట్టుకుంటర్రా ఎవరన్న?"

అందుకని రంధ్రం లేని దారి వెతికాను. పడవ అడుగు గట్టి ఫైబర్ అయితే శబ్దం దానిగుండానే పోతుంది. మధ్యలో గాలి మాత్రం ఉండకూడదు. ముందు సరైన చోటు కనిపెట్టాలి. అత్తమ్మ ఇచ్చిన పాలిథిన్ కవర్‌లో నీళ్లు నింపి, శబ్దం పంపే యంత్రం కన్నును అందులో ముంచి, పడవ లోపలి అడుగుమీద ఒక్కోచోట ఆనించి చూశాను. ఆరుచోట్ల చూస్తే నాలుగోచోట అంకె వణకకుండా నిలబడింది. అక్కడ జానెడు పైపుముక్క నిలబెట్టి అంటించి, దాన్ని నూనెతో నింపి, అందులో కన్నును కూర్చోబెట్టాలి. సూర్యాపేట హార్డ్‌వేర్ షాపులో పైపు అడిగితే, బోరుకా బాత్రూముకా అన్నాడు షాపతను. పడవకు అన్నాను. "పడవకు పైపెందుకన్నా, నీళ్లు కిందనే ఉన్నయి గద," అంటూనే కోసిచ్చాడు. ఏ నూనె పోయాలా అని నేను పుస్తకం తిరగేస్తుంటే అత్తమ్మ ఆముదం సీసా తెచ్చి ముందు పెట్టింది. "పిల్లల కడుపులకు పోసిన, పడవ కడుపుకు పోయరాదా?" నిజానికి అంతకన్నా మంచిది లేదు. చిక్కగా ఉంటుంది, తొందరగా ఆరదు, బుడగలు ఒక రాత్రిలో పైకి తేలిపోతాయి. పళ్ల చక్రాన్ని ఒక టేకు చెక్కకు బిగించి, ఆ చెక్కను పడవ వెనక క్లాంపులతో పట్టించాను. మొత్తం మీద ఒక్క రంధ్రం లేదు. మామ పడవ అడుగంతా చేత్తో తడిమి చూసుకున్నాడు.

ఇదంతా దసరా ముందు. పండుగనాడు కార్లకు, ట్రాక్టర్లకు, మరలకు పూజ చేస్తాం గనక పడవకు కూడా కావాలంది అత్తమ్మ. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, ముందూ వెనకా బంతిపూల దండలు. మరునాడే పరీక్ష. ఆ ఒడ్డున చేపలు పట్టే ఒక తాత ఉన్నాడు. రాయి కట్టిన తాడు వదిలి, దాన్ని చేతులు చాపి బారలలెక్కన కొలుస్తాడు. యంత్రం మాట, తాత మాట ఒకటైతేనే ఎక్కుతానని అత్తమ్మ షరతు. నేను ముందుజాగ్రత్తగా టేపు తీసి తాత చేతులు చాపించి కొలిచాను. నూట అరవై ఎనిమిది సెంటీమీటర్లు. "నాకెందుకండీ కొలతలు, చొక్కా కుట్టిస్తారా?" అన్నాడాయన. వాళ్లది నది అవతలి ఊరు, మాటలో ఆ వైపు మర్యాద ఉంటుంది.

నేనూ మామా పడవలో కొంచెం లోపలికి వెళ్లాం. తాత తన గుండ్రటి పుట్టి పడవలో పక్కకొచ్చి తాడు వదిలాడు. అత్తమ్మ ఒడ్డున, రెండు లైఫ్ జాకెట్లు ఒకదానిమీద ఒకటి తొడుక్కుని, నా జాబితా కాగితమూ పెన్నూ పట్టుకుని నిలబడింది.

"రెండు బారలు, మీద ఓ జానెడండీ!" అని తాత అరిచాడు. నా లెక్కలో మూడున్నర మీటర్ల పైచిలుకు. తెర మీద చూశాను. 2.6.

నేను అబద్ధం చెప్పలేదు. చదివి వినిపించాను. ఒడ్డున అత్తమ్మ పెన్ను మూత పెట్టేసింది. మామ మొహం చూడలేక బ్యాటరీ, తీగలు, ఆముదం మట్టం చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అప్పుడు వెలిగింది. పడవ పక్కకు జారకుండా కిందికి దించే పలక ఒకటుంటుంది, దాని పొడవు మీటరు. అది నేలకు తగలకూడదని, పలక కొసనుంచి కింద మిగిలిన నీళ్లనే చూపేలా నేనే అమర్చాను. తాతది నీటి పైనుంచి లెక్క. మొత్తం విడమరిచి ఒడ్డుకు అరిచాను.

"పలకకు లోతెందుకు బిడ్డా?" అని అక్కణ్నుంచే అరిచింది. "పడితే నేను పైనుంచి పడుత గద! పైనుంచి సూపెట్టు!"

పలకకు ఎంత మిగులుతుందో మామే మనసులో మీటరు తీసేసి చూసుకుంటానన్నాడు. రెండు మీటలు నొక్కి మార్చాను. 3.6. తాత తాడు చేతిలో ఊపుతూ, "మిషను సరిగ్గానే చెబుతుందమ్మా, నా దగ్గర నేర్చుకుంది," అన్నాడు. ఒడ్డుకు వచ్చాం. మామ ఇసుక బస్తా ఎత్తి గట్టుమీద పెట్టాడు. అత్తమ్మ దానివైపు ఒకసారి చూసి, "లే, నా జాగ అది," అంటూ ఎక్కింది. బస్తా అప్పటికే దిగిపోయింది గాని, అనాలనుకున్నది అనేసింది.

గాలి అందుకుంది. అత్తమ్మ తెరకు కళ్లప్పగించి, బస్సు కండక్టర్ స్టేజీలు పిలిచినట్టు లోతులు పిలుస్తూ కాగితం మీద రాసుకుంది. "నాలుగు పాయింట్ ఒకటి! అయిదు!" ఏడు దాటేసరికి ఆమె గొంతులో భయం పోయి గర్వం వచ్చింది. పదకొండు దగ్గర గీతలు గీసి కాగితం నాకిచ్చేసి, అప్పుడు తలెత్తి నీళ్లను చూసింది. మామ కొంగను చూపించాడు. "అది కొంగ గాదు, నీటికాకి," అంది. ముప్ఫై ఏళ్ల కల నిజమైన మనిషి మొహం ఎలా ఉంటుందో నేను అప్పుడు చూశాను. తన తప్పు దిద్దినందుకు అంత సంబరపడ్డవాణ్ని మళ్లీ చూడలేదు.

తెర మీద రెండో వరసలో వేగం మాత్రం సున్నా. ఒడ్డు వెనక్కి పోతోంది, తెరచాప నిండుగా ఉంది, అయినా సున్నా. జాబితా పదకొండు అంశాలూ మళ్లీ చూశాను. చివరికి వెనక్కి వంగి చూస్తే, పూజలో వేలాడదీసిన బంతిపూల దండ నీళ్లలోకి జారి పళ్ల చక్రానికి గట్టిగా చుట్టుకుని ఉంది. కత్తెర తీశాను.

"పూజ దండ కోస్తవా?" అంది అత్తమ్మ. "ఉండనీ. మనకేం తొందర?"

మామ కూడా అదే అన్నట్టు చూశాడు. కత్తెర సంచిలో పెట్టేశాను. రెండు గంటలు తిరిగి ఒడ్డు చేరాక తెర మీద మా ప్రయాణం సున్నా కిలోమీటర్లని ఉంది.

ఇప్పుడు చక్రం శుభ్రంగా తిరుగుతోంది. ఆదివారాల్లో పోదామని తొందరపెట్టేది అత్తమ్మే. ఇసుక బస్తా వాళ్ల పెరట్లో కరివేపాకు మొక్క పాదులో కలిసిపోయింది. మిల్లులో కాగితాన్ని మళ్లీ అవే నాలుగు మడతల మీద మడిచి సంచిలో పెట్టుకున్నాను. ఆ రోజు లోతులన్నీ అందులో ఉన్నాయి, దశాంశాలతో సహా. ఆ మధ్యాహ్నం ఎంత వేగంగా గడిచిపోయిందో చెప్పే అంకె మాత్రం నా దగ్గర లేదు.